తాత నుదుటి మీద మచ్చ

మా నాయనమ్మ ఇంట్లో దేవుడి పటాల వరుసకి చివర ఒక చిన్న ఫొటో ఉండేది. పోస్టుకార్డంత, అంతే. భీమిలికీ తగరపువలసకీ మధ్య మా ఊరు. వేసవి సెలవుల్లో పిల్లలందరికీ నడవలో ఆ ఫొటో కిందే చాపలు పరిచేవారు. పడుకుని పైకి చూస్తే అదే కనిపించేది. నలుగురు కుర్రాళ్ళు. ఇద్దరు కుర్చీల్లో, ఇద్దరు వెనక నిలబడి. వాళ్ళ వెనక తెర మీద పాలరాతి స్తంభాలు, మెట్లు, దూరంగా ఏవో చెట్లు. కుడివైపు కుర్చీలో కూర్చున్నది మా తాత. మిగతా ముగ్గురూ ఎవరని అడిగితే "మీ తాత జతగాళ్ళు, రంగంలో ఉన్నప్పటోళ్ళు" అనేది నాయనమ్మ. ఇంకో మాట అడిగితే పని ఉందని లేచి వెళ్ళిపోయేది.

రంగం అంటే బర్మాలోని రంగూన్. మా వైపు పాతవాళ్ళెవరూ రంగూన్ అనరు. "రంగం ఎళ్ళినాడు", "రంగం నుంచి తెచ్చిన పెట్టె" అంటారు. పక్క ఊరికి వెళ్ళొచ్చినంత మామూలుగా ఆ మాట మా ఊరి అరుగుల మీద వినిపించేది. అది సముద్రానికి అవతలి ఒడ్డున ఉందని నాకు బళ్ళో భూగోళం పాఠం చెప్పేదాకా తెలీదు.

ఫొటోలో తాత నుదుటి మీద తెల్లటి మచ్చ ఉండేది. కనుబొమల మధ్య, కందిగింజంత. ముఖం అంతా బాగానే ఉంది, అక్కడ మాత్రం బొమ్మ పోయి కాగితం బయటపడింది. బల్లి నాకిందని ఒకరు, బూజు తిన్నదని ఒకరు అనేవారు. మా చెల్లికి మాత్రం అది దీపం. "తాత నుదుట్లో దీపం పెట్టారు" అని చీకటి పడ్డాక దాన్ని చూసి దణ్ణం పెట్టేది.

ఒక దసరాకి మా అమ్మ పటాలన్నీ దింపి తుడిచి బొట్లు పెడుతోంది. వరుసలో చివరికొచ్చి ఈ ఫొటో అద్దం మీద కూడా కుంకుమ పెట్టబోయింది. వంటింట్లోంచి నాయనమ్మ ఎలా చూసిందో, పరుగున వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "దానికి పెట్టకు" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కోడల్ని ఒక్క మాట అనని మనిషి. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బతికున్న మనిషి ఫొటోకి బొట్టేమిటని కోపం వచ్చి ఉంటుందని నాన్న సర్దిచెప్పాడు. నిజమే అనుకున్నాం. కానీ 1980లో తాత పోయాక కూడా ఆవిడ ఆ ఫొటోకి బొట్టు పెట్టనివ్వలేదు. దండ వేసి బొట్టు పెట్టడానికి వేరే ఫొటో పెద్దది చేయించారు. రంగం ఫొటో మేకుకి అలాగే ఉండిపోయింది.

తాత గురించి నాకున్న జ్ఞాపకాలు తక్కువ. ఆయన పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. చిట్టివలస జూట్ మిల్లులో పనిచేసి మానేశాక రోజంతా అరుగు మీద కూర్చునేవాడు. మాట తక్కువ. తగరపువలసలో మేం బస్సు దిగితే ఎదురొచ్చి రిక్షా మాట్లాడేవాడు. సామాన్లూ పిల్లలూ అమ్మా ఎక్కేవాళ్ళం, తాత ఎక్కేవాడు కాదు. ఎంత బతిమాలినా సరే, పక్కన నడిచేవాడు. మెరక వచ్చినచోట వెనక్కి వెళ్ళి రెండు చేతులతో తోసేవాడు. "వద్దు బాబూ, నేను లాగుతాను కదా" అని రిక్షా అతను మొహమాటపడేవాడు.

రంగంలో ఏం చేసేవాడివి తాతా అని ఒకసారి అడిగాను. "లాంచా" అన్నాడు. నాకు లాంచీ అని వినబడింది. మా నాన్నకీ బాబాయికీ అలాగే వినబడిందట. ఇంక అంతే, మా తాత రంగంలో లాంచీ నడిపాడు. నాలుగో తరగతిలో పెద్ద నది మీద పొగ వదులుతూ వెళ్ళే లాంచీ బొమ్మ వేసి, పైన టోపీ పెట్టుకున్న తాతని నిలబెట్టాను. ఆ బొమ్మ ఆయనకి చూపిస్తే చాలాసేపు చూసి, మడతపెట్టి, తలగడ కింద పెట్టుకున్నాడు. కాదని చెప్పలేదు.

2019 సంక్రాంతి వెళ్ళాక ఊళ్ళో ఇల్లు విప్పించేశాం. పెంకులు దింపే హడావుడిలో పటాలన్నీ ఒక గోనెసంచిలో వేశారు. ఈ ఫొటో అద్దం పగిలింది. ఫ్రేము వెనక అట్టని చెదలు సగం తినేశాయి. గుండె ఝల్లుమంది. దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని విశాఖపట్నం తీసుకొచ్చాను. పాత ఫొటోలు బాగుచేసే కుర్రాడొకడు ఉన్నాడంటే అతని దగ్గరికి వెళ్ళాను. ఓ మూల అద్దానికి అతుక్కుపోయిందని, తొందరపడి లాగితే ముఖాలు ఊడొస్తాయని చెప్పాడు. గంటన్నర పట్టింది. నేను ఆ కుర్చీలోంచి లేవలేదు.

ఫొటో బయటికొచ్చాక తిప్పి చూస్తే, అది నిజంగా పోస్టుకార్డే. ఫొటో కాగితాన్నే వెనక పోస్టుకార్డులా అచ్చువేసి ఇచ్చేవారు ఆ రోజుల్లో. బొమ్మ వెనకే నాలుగు మాటలు రాసి, స్టాంపు అంటించి, ఊరికి పంపేయొచ్చు. గోడకేసి తిరిగి ఉన్న ఆ వెనకవైపు, ఫ్రేము కట్టాక మా ఇంట్లో ఎవరూ చూడలేదు. కుడివైపు మా ఊరి పేరు, తాత తండ్రి పేరు. ఎడమవైపు వెలిసిన సిరాతో తెలుగులో రెండు లైన్లు. తాతకి రాయడం రాదు, ఎవరిచేతో రాయించి ఉంటాడు. "మేమంతా క్షేమం. పాపకు చూపించవలెను."

పాప అంటే మా పెద్దత్త. తాతకి తొలి సంతానం. పెళ్ళికి ముందెప్పుడో తీయించుకున్న ఫొటో అని మాకు చెప్పిందంతా తప్పన్నమాట. ఆ రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాను నేను. సముద్రం అవతల ఉన్న తండ్రి, తను ఇంకా చూడని కూతురికి తన ముఖం పంపించాడు.

స్టాంపు ఉండాల్సిన చోట స్టాంపు లేదు. నలుచదరంగా కాగితం కాస్త తెల్లగా ఉంది, ఒక అంచు చిరిగి ఉంది. పోస్టు ముద్రలో సగం మిగిలింది, అందులో ఏడాది లేదు. ఎందుకో మా బాబాయి గుర్తొచ్చాడు. చిన్నప్పుడు స్టాంపుల పిచ్చి ఆయనకి. ఫోన్ చేసి అడిగితే ఒక్క నిమిషం మాట్లాడలేదు. "ఫ్రేము కట్టించక ముందు నేనే పీకానమ్మా. నాన్న కొడతాడని ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. డెబ్భై దాటిన మనిషి గొంతులో ఇంకా ఆ భయం ఉంది.

మర్నాడే ఆయన దగ్గరికి వెళ్ళాను. రేకుపెట్టెలోంచి ఆల్బమ్ తీశాడు. ఆకుపచ్చ స్టాంపు. అయిదో జార్జి రాజు బొమ్మ. ఇండియా స్టాంపే, కానీ దాని మీద నల్లటి అక్షరాలతో బర్మా అని ఇంగ్లీషులో అడ్డంగా అచ్చు. తేదీ దొరికింది ఇక్కడే. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా ఇండియాలో ఒక రాష్ట్రంలా ఉండేది. ఆ రోజు నుంచి వేరు చేశారు. కొత్త స్టాంపులు ఇంకా తయారుకాలేదు కాబట్టి, ఉన్న ఇండియా స్టాంపుల మీదే బర్మా అని ముద్ర కొట్టి అమ్మారు. అయిదో జార్జి 1936 జనవరిలోనే చనిపోయాడు, అయినా ఆయన బొమ్మే నడిచింది. 1938 నవంబరులో ఆరో జార్జి బొమ్మతో బర్మాకి సొంత స్టాంపులు వచ్చాయి. అంటే తాత ఈ కార్డు పంపింది బహుశా ఆ ఏడాదిన్నరలోనే. పెద్దత్త పుట్టింది 1936లో. నాయనమ్మ కడుపుతో ఉండగా తాత రంగం వెళ్ళాడు. లెక్క సరిపోయింది. తను కూలికి వెళ్ళిన చోటు నడిమధ్యలో పరాయి దేశం అయిపోయిందని ఆయనకి ఎవరైనా చెప్పారో లేదో.

ఆ స్టాంపుని బాబాయే తన చేత్తో మళ్ళీ దాని చోట పెట్టి చూశాడు. చిరిగిన అంచు చిరిగిన అంచుకి కలిసింది.

ఈలోగా కుర్రాడు ఫొటోని స్కాన్ చేసి కంప్యూటర్ తెర నిండా పెట్టాడు. అప్పట్లో నెగటివ్ ఎంత ఉంటే ఫొటో అంతే వేసేవారట, పెద్దది చేయరు కాబట్టి చిన్న కాగితంలో కూడా బోలెడు వివరం దాగి ఉంటుందన్నాడు. నిజంగానే. చిన్నప్పటినుంచీ చూస్తున్న ఫొటోని నేను అప్పటిదాకా చూడనే లేదు. నలుగురూ కోట్లు వేసుకున్నారు, నాలుగూ ఒక్క గుడ్డతో కుట్టినవే. ఒకాయనకి చేతులు మోచేతి కిందకే ఆగిపోయాయి, తాతకి వేళ్ళు కూడా కప్పేశాయి. కోట్లు స్టూడియోవి. కోటు కింద మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన పంచె. చెప్పుల్లేవు. తాత పాదాలు వెడల్పుగా, బొటనవేళ్ళు మిగతా వేళ్ళకి దూరంగా జరిగి ఉన్నాయి. పిక్కలు తాళ్ళు పేనినట్టున్నాయి. ఇరవై అయిదేళ్ళ కుర్రాడి కాళ్ళు కావవి.

"మేడమ్, ఇది చూడండి" అని వెనక నిలబడ్డ ఇద్దరి ముఖాలూ పెద్దవి చేశాడు. ఇద్దరికీ కనుబొమల మధ్య గోధుమరంగు చుక్క. మరకలేమో అన్నాను. "మరకైతే ఇద్దరికీ ఒకే చోట ఎందుకు పడుతుందండీ? ఇది కుంకుమ. అగ్గిపుల్ల కొసతో పెట్టినట్టున్నారు." తర్వాత తాత ముఖం దగ్గరికి వచ్చాడు. మచ్చ అంచుల్లో, కాగితం పీచులో, అదే గోధుమరంగు సన్నగా ఉంది. "ఇది బూజు కాదు, బల్లీ కాదు. ఫొటో మీద జిగురు పొర ఉంటుంది, బొమ్మంతా అందులోనే. తడి తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఎవరో తడిగుడ్డతో రుద్దారు. ఒక్కసారి రుద్దితే ఇంత పోదు మేడమ్. చాలాసార్లు రుద్దారు."

బొట్టు పెట్టిన ఫొటో అంటే ఏమిటో మనకి వేరే చెప్పాలా? చేతులు చల్లబడ్డాయి నాకు. ఆ రోజే పెద్దత్త దగ్గరికి వెళ్ళాను.

పెద్దత్తకి అప్పుడు ఎనభై మూడు నడుస్తోంది. గోపాలపట్నంలో కొడుకు దగ్గర ఉండేది. పెద్దది చేసిన ఫొటో ఒళ్ళో పెట్టి నుదురు మీద వేలు పెట్టాను.

"బూజని అనుకునేవాళ్ళం కదత్తా" అన్నాను.

"బూజేటే! మా యమ్మ తుడిసీసిన బొట్టే అది."

తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. మంచినీళ్ళు తాగింది. కిటికీ వేయమంది. అప్పుడు మొదలుపెట్టింది.

1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులేశారు. క్రిస్మస్ రోజున మళ్ళీ వేశారు. కబురు మా ఊరికి చేరేసరికి ఉత్తరాలు ఆగిపోయాయి. 1931 లెక్కల ప్రకారం రంగూన్‌లో జనం 4 లక్షలు, అందులో సగానికి పైగా మనదేశం వాళ్ళే. రేవులో మూటలు మోసేవాళ్ళూ, బియ్యం మిల్లుల్లో కూలీలూ, రిక్షాలు లాగేవాళ్ళూ చాలామంది మన తెలుగువాళ్ళు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. వాళ్ళంతా ఒక్కసారిగా రోడ్డెక్కారు. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్ళకే దొరికింది. మిగతావాళ్ళు ప్రోమ్ దాకా నడిచి, ఐరావతి దాటి, కొండదారిన తాంగుప్ చేరి, అక్కడినుంచి పడవల్లో అక్యాబ్, చిట్టగాంగ్ వైపు వచ్చారు. ఇంకొందరు ఉత్తరాన మణిపూర్ దారి పట్టారు. అన్ని దారులూ కలిపి నాలుగైదు లక్షలమంది వచ్చారని అంచనా. నీళ్ళు లేక, కలరా సోకి, దారిలోనే పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు.

ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. పెద్దత్తకి తెలిసింది వేరు. ఆమెకి తెలిసింది ఒక పీట.

1942 వేసవి ముందు, పక్క ఊరి మనిషి ఒకడు ఆ కొండదారిన ప్రాణాలతో వచ్చాడు. ఫొటోలో నలుగురిలో ఒకాయన రంగూన్‌లోనే ఉండిపోయాడని, మిగతా ముగ్గురూ తాంగుప్ దారిలో కలరా తగిలి పడిపోయారని చెప్పాడు. ఊళ్ళో ఆ ముగ్గురికీ ఉన్న ఫొటో ఇదొక్కటే. వెనక నిలబడ్డ ఇద్దరి తల్లులూ మా ఇంటికి వచ్చారు. గోడ మీది నుంచి ఫొటో దింపి, పీట మీద బియ్యం పోసి, గోడకి చేరవేసి నిలబెట్టారు. అప్పటికింకా దానికి ఫ్రేము లేదు. ముగ్గురు తల్లులూ వరసగా కూర్చుని ఎవరి కొడుక్కి వాళ్ళు బొట్టు పెట్టుకున్నారు. మా తాత తల్లి అందరికన్నా చివర పెట్టింది.

అప్పుడు నాయనమ్మ కబురు తెచ్చినవాడి ముందుకి వచ్చి నిలబడిందట. ఇరవై నిండి ఉంటాయేమో. "సచ్చిపోవడం సూసినావా, పడిపోవడం సూసినావా?" అని అడిగింది. పడిపోవడమే చూశానన్నాడు అతను. ఆగి చూసే ఓపిక తనకి లేదన్నాడు.

"ఆ రేతిరి నా పక్కలోంచి లేచిపోయింది మా యమ్మ. నాను కళ్ళు తెరిసే ఉన్నాను. సీర కొంగు నీళ్ళలో ముంచి ఫొటో తుడిసింది. మా నాన్నదొక్కటే. ఆ ఇద్దరి జోలికీ ఎళ్ళలేదు."

మర్నాడు అత్తగారు చూసింది. ఏమీ అనలేదు. శుక్రవారం వచ్చేసరికి మళ్ళీ పెట్టింది. ఆ రాత్రి కోడలు మళ్ళీ తుడిచింది. అలా ఎన్ని శుక్రవారాలు గడిచాయో పెద్దత్తకి లెక్క తెలీదు. అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేవు. ఒకే పొయ్యి మీద వండుకున్నారు, ఒకే కంచం కడుక్కున్నారు, ఈ ఒక్క విషయం గురించి ఒకరినొకరు అడగలేదు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. పట్నం జనం ఊళ్ళ మీదికి వచ్చిపడ్డారు. మా ఇంట్లో పదిమంది చుట్టాలు చేరారు. అంతమంది మధ్యలో కూడా పెట్టడమూ ఆగలేదు, తుడవడమూ ఆగలేదు.

పెద్దత్తని నేను ఒకటే అడిగాను, మీ మామ్మ మీద కోపం రాలేదా అని. "ఆయమ్మదీ తప్పు కాదే. కొడుకు దార్లో పడున్నాడని అనుకునేది. బొట్టెట్టి దణ్ణం ఎట్టకపోతే ఆడికి దారి దొరకదని ఆయమ్మ బయం. బొట్టెడితే ఇంక రాడని మా యమ్మ బయం." అంది. ఇన్నేళ్ళు ఈ ఇద్దరి భయాన్నీ ఒక్కతే మోసిందావిడ.

వానలు మొదలయ్యాక ఒక రోజు పెద్దత్త అరుగు మీద ఆడుకుంటోంది. కర్ర పట్టుకుని, గడ్డం పెరిగి, ఎముకల గూడులా ఉన్న మనిషి వచ్చి ఇంటి ముందు నిలబడ్డాడు. ఆమె భయపడి లోపలికి పరిగెత్తింది. తండ్రిని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమెకి తెలిసిన తండ్రి గోడ మీద ఉన్నాడు, కోటు వేసుకుని. నాయనమ్మ తడిచేతులతో బయటికి వచ్చింది. ముఖం చూడలేదట, కాళ్ళు చూసిందట. ఆ బొటనవేళ్ళు చూసింది. గుమ్మం పట్టుకుని కూలబడిపోయింది.

"మా మామ్మ ముందు కొడుకు దగ్గిరికి ఎళ్ళలేదే. లోనకొచ్చి ఫొటో దింపి, చెంగు తడిపి, అదేపనిగా తుడిసింది. మా యమ్మ అప్పటికే తుడిసీసి ఉంది. తుడవడానికి అందులో ఏటీ లేదు. అయినా తుడిసింది. ఏడుస్తా తుడిసింది."

ఈ మాట దగ్గర మేమిద్దరం ఇంకేం మాట్లాడుకోలేకపోయాం.

తాత చిట్టగాంగ్‌లో ఏదో శిబిరంలో రెండు నెలలు మంచాన పడి, లేచి, కలకత్తా మీదుగా రైల్లో వాల్తేరు వచ్చి, అక్కడినుంచి నడిచి వచ్చాడట. మా నాన్న 1944లో పుట్టాడు. వెనక నిలబడ్డ ఇద్దరూ రాలేదు. వాళ్ళ తల్లులు ఏడాదికోసారి మా ఇంటికే వచ్చి కొడుకుల్ని చూసుకుని వెళ్ళేవారట. వాళ్ళు పోయాకే తాత ఆ ఫొటోకి ఫ్రేము కట్టించాడు.

మిగిలింది నాలుగో ఆయన, ఎడమవైపు కుర్చీలో ఉన్న మనిషి. ఆయన నుదుట చుక్కా లేదు, మచ్చా లేదు. పెద్దత్తకి తెలిసినంతలో ఆయన రంగూన్‌లోనే ఇల్లూ సంసారం పెట్టుకుని, ఆ తర్వాతెప్పుడో "క్యాంపుకి" వచ్చాడు. మా వైపు క్యాంపంటే కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపే. 1962లో అక్కడ సైన్యం అధికారంలోకి వచ్చాక మనవాళ్ళ దుకాణాలూ వ్యాపారాలూ పోయాయి. 1964 మేలో 50, 100 చాట్‌ల నోట్లు చెల్లవన్నారు. ఆ తర్వాత ఓడలెక్కి వచ్చిన కుటుంబాలకి ఇచ్చిన చోటు అది. రెండు ఆదివారాలు తిరిగితే ఇల్లు దొరికింది. ఆయన లేడు, కొడుకూ లేడు. మనవడు ఉన్నాడు, నాకన్నా నాలుగైదేళ్ళు చిన్నవాడు.

నా చేతిలో ఫొటో చూడగానే అతను లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో అదే ఫొటో. అవే స్తంభాలు, అవే కోట్లు. స్టూడియోలో రెండు వేయించారన్నమాట, ఒకటి ఊరికి పంపి ఒకటి ఉంచుకున్నారు. ఇది వెలిసింది, అంచుల్లో వెండిలా మెరుస్తోంది. కానీ నలుగురి నుదుళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. నా జీవితంలో మొదటిసారి తాత ముఖం పూర్తిగా చూశాను. కనుబొమల మధ్య నిలువుగా చిన్న ముడత ఉంది. మా నాన్నకీ అక్కడే ఉండేది.

"మీ తాతా మా తాతా ఒకే లాంచా పంచుకున్నారంట అక్కా. పగలొకరు, రాత్రొకరు" అన్నాడు అతను.

"లాంచీయా?"

"లాంచీ కాదక్కా, లాంచా. బర్మాలో రిక్షాని అలాగే అంటారు. చేత్తో లాగే రిక్షా."

కవరు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ పాదాలు. ఆ పిక్కలు. తగరపువలస మెరక మీద రిక్షాని వెనక నుంచి తోసే చేతులు. నా బొమ్మలో టోపీ పెట్టుకుని లాంచీ మీద నిలబడ్డ తాత. ఆయన చెప్పిన ఒక్క మాటనీ మేమెవరం సరిగ్గా వినలేదు. నేను గీసిన లాంచీని ఆయన ఎందుకు మడిచి దాచుకున్నాడో ఆ ఇంటి వసారాలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. రంగూన్ వీధుల్లో చెప్పుల్లేకుండా మనుషుల్ని లాగి, ఆ డబ్బులో కొంత పెట్టి, అద్దె కోటు వేసుకుని, పాపకు చూపించమని ముఖం పంపించిన మనిషి మా తాత. లాంచీ కన్నా నాకు ఆ లాంచాయే గొప్ప. ఇప్పుడు ఎవరడిగినా అలాగే చెబుతున్నాను.

ఆ శుభ్రమైన ఫొటోని స్కాన్ చేయించుకుంటానంటే అతను వెంటనే ఇచ్చాడు. బాగుచేసే కుర్రాడు సంతోషపడిపోయాడు. మచ్చ ఉన్నచోట ఇందులోని నుదురు తెచ్చి అతికిస్తే ఎవరికీ తెలీదన్నాడు. ముందు మా అత్తని అడగాలని చెప్పి, రెండూ ఒకే కొలతలో పెద్దవి చేయించి గోపాలపట్నం తీసుకెళ్ళాను.

పెద్దత్త మంచం మీద రెండూ పక్కపక్కన పెట్టాను. మచ్చ లేనిదాన్ని ముందు చేతిలోకి తీసుకుంది. కళ్ళజోడు సర్దుకుని వెలుతురుకి పెట్టి చూసింది. ఎంత సంతోషిస్తుందో అని నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

"ఈయనెవరే?" అంది.

"మీ నాన్నే అత్తా. అదే ఫొటో. మచ్చ లేదంతే."

ఇంకాస్త చూసి నాకు తిరిగి ఇచ్చేసింది. రెండోదాన్ని దగ్గరికి లాక్కుని, కంట్లో నలుసు తీసేటంత మెల్లగా, ఆ తెల్లటి చోటు మీద బొటనవేలు ఆనించింది.

"దీన్నే ఫ్రేము కట్టించు" అంది.